కొలువునకు కొలత యేది?

ఇంట బిడ్డ యొకరు చదువు ముగించిరనగానే పెద్దలకు కలుగు మొదటి చింత కొలువును గూర్చినది. ఎన్నుకొనువారు ఏమి చూతురు? పట్టా చూతురా, మాట చూతురా, నడవడి చూతురా? పనివారి నెన్నుకొను యజమానికిని ఇదే చింత మఱియొక రూపమున కలుగును. గంటసేపైన ఎఱుగని మనుష్యుని చేతిలో ముప్పది యేండ్ల పని నెట్లు పెట్టుట? ఈ రెండు చింతలకును తగిన కథ యొకటి మన చరిత్రలో కలదు. అందలి సేవకులు ఏలూరు నుండి వచ్చిన సోదరులు. వారిని ఎన్నుకొన్నవాడు సముద్రము దాటి వచ్చిన ఒక ఇంజనీరు. ఒకే మనుష్యుడు ఒకే పనికి ఒక యజమానిచేత యోగ్యుడనియు, ఒక పండితసభచేత అయోగ్యుడనియు నిర్ణయింపబడిన వైనమును ఈ ప్రసంగమున శ్రోతల ముందుంచెదము.

యోగ్యతను గూర్చిన ఈ ప్రశ్న మన దేశమునకు మిక్కిలి ప్రాతది. కౌటిల్యుని అర్థశాస్త్రము రాజశాసనములు వ్రాయు లేఖకునకు ఉండవలసిన గుణములను పేర్కొనుచున్నది. అతడు అమాత్యునితో సమానమైన గుణసంపద కలవాడు కావలెను. ఆచారములన్నియు ఎఱిగినవాడు కావలెను. వేగముగ కూర్చి వ్రాయగలవాడును, అందమైన అక్షరములు కలవాడును, వ్రాసినదానిని చదువ సమర్థుడును కావలెను. ఇవి చూచి తెలిసికొనదగిన నేర్పులు. చూపునకు అందని గుణములకు అదే గ్రంథము వేరు పరీక్షలు చెప్పినది. ధర్మము, అర్థము, కామము, భయము అను నాలుగు మార్గముల అమాత్యుల చిత్తశుద్ధిని రహస్యముగ శోధింపవలెనట. ఆ రహస్యశోధన నేడు మనకు రుచింపకపోవచ్చును. అందలి విభాగము మాత్రము నేటికిని చెల్లుచున్నది. నేర్పును చూచి తెలిసికొనవచ్చును. శీలమును పనిలో పెట్టి తెలిసికొనవలెను. ఈ గ్రంథపు తాళపత్రప్రతి 1905లో మైసూరున శ్యామశాస్త్రిగారి చేతికి వచ్చి, 1909లో అచ్చయినది. మేము చెప్పబోవు కొలువు అంతకు నూరేండ్ల ముందు ఆ మైసూరు నేల మీదనే వేళ్లూనుకొనెను.

ఈస్టిండియా కంపెనీ కాలమున పెద్ద ఉద్యోగములకు కొలత చాల సులభముగ నుండెను. లండనులో కంపెనీ డైరెక్టరు ఒక యువకుని పేరు సూచించిన చాలును. అతడు 1806లో స్థాపింపబడి, పిదప హెయిలీబరీ కళాశాలగ ప్రసిద్ధికెక్కిన విద్యాలయమున కొంతకాలము చదివి ఓడ యెక్కెడివాడు. దేశీయులకు మిగిలినవి దుబాసి, గుమాస్తా, మున్షీ మొదలగు పనులు. దేశము నేలుట ఒకరి వంతు, దేశమును వారికి తెలియజెప్పుట మఱియొకరి వంతు అయ్యెను.

ఇట్టి కాలమున కోలిన్ మెకంజీ అనునతడు 1783లో మద్రాసు చేరెను. అతడు స్కాట్లండునకు పడమటనున్న లూయిస్ ద్వీపమున స్టోర్నొవే పట్టణమున పుట్టినవాడు, వృత్తిచే ఇంజనీరు. ఈ దేశపు పూర్వచరిత్రయందు అతనికి అపారమైన ఆసక్తి. అయినను వచ్చిన పదమూడేండ్ల వరకు ఆ ఆసక్తి ఫలింపలేదు. అతనికి దేశభాష యొక్కటియు రాదు. ఈ లోపమును అతడు దాచుకొనలేదు. 1817లో సర్ అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు వ్రాసిన లేఖలో అతడు, 1796లో సింహళ దండయాత్రనుండి తిరిగివచ్చిన పిమ్మట యాదృచ్ఛికముగ తనకు దారి దొరకెననియు, భారతీయ విజ్ఞానపు వాకిలి తనకు తెఱచినవాడు ఒక బ్రాహ్మణ యువకుడనియు ఒప్పుకొనెను. ఆ యువకుడే కావలి వెంకట బొఱ్ఱయ్య.

బొఱ్ఱయ్య 1776లో ఏలూరున నియోగి కుటుంబమున జన్మించెను. మెకంజీ చెంత చేరునాటికి అతనికి ఇంచుమించు ఇరువది యేండ్లు. తెలుగు ఇంటి భాష. సంస్కృతమును, ఇంగ్లీషును నేర్చినవాడు. ఇంతవరకు మద్రాసు దుబాసీలలో మఱికొందఱును చెప్పుకొనగల యోగ్యతలే. బొఱ్ఱయ్యను వేరుచేసిన గుణములు పనిలో బయటపడినవి.

1799లో శ్రీరంగపట్టణము పడిపోయెను. మైసూరు రాజ్యమును కొలిచి వివరములు సేకరించు పని మరుసటి యేట మెకంజీకి అప్పగింపబడెను. అప్పటికి వారి కచేరీలో కన్నడమునుండి అనువదింపగలవాడు ఒక్కడును లేడని మెకంజీయే వ్రాసినాడు. అదే లేఖ వ్రాయునాటికి వాడుకలోని లిపులే గాక, చదువువారు కరవైపోయిన ప్రాత లిపుల శాసనములను కూడ వారు చదివి అనువదించుచుండిరి. రాని విద్యను పనిలో పడి నేర్చుకొనుటకు నాంది పలికినవాడు బొఱ్ఱయ్య. ఊరి వెలుపల పొదలలో పడియున్న శిలను కడిగి, అక్షరములు గుర్తించి, ప్రతి వ్రాసికొని, అర్థము తెలిసినవారిని వెదకి అడుగుట అతని నిత్యకృత్యమయ్యెను. జైనుల మత విషయములను ఒక జైన పురోహితునివలన తెలిసికొని అతడు అనువదించిన వ్యాసము ఆసియాటిక్ రిసర్చెస్ అను పండితపత్రికలో తరువాత ప్రకటింపబడినది. ఒక నియోగి బ్రాహ్మణ యువకుడు జైన పురోహితునియొద్ద కూర్చుండి, వాదమునకు దిగక, విన్నది విన్నట్లు వ్రాసికొనుట ఆ కాలమున సామాన్యమైన నడవడి యని మేము తలంపము.

మెకంజీ తన మనుష్యులయందు ఏమి కోరెనో ఈ పని స్వభావమునుబట్టి తెలియును. గ్రామకరణముల యిండ్లలో కవిలె కట్టలు ఉండెడివి. అందు ఊరి పుట్టుపూర్వోత్తరములు, దేవాలయముల మాన్యములు, ఏలిన ప్రభువుల పేర్లు వ్రాయబడియుండెడివి. కంపెనీ మనిషి వచ్చి ఆ కట్ట విప్పుమనగానే ఊరివారికి సందేహము కలుగుట సహజము. ఈనాములు పోవునేమో, శిస్తు పెరుగునేమో యని వారి భయము. బెదిరించి తెచ్చిన కాగితములో నిజముండదు. కావున బలవంతము చేయక, మెల్లగ మాటలాడి, ఇష్టపడినవారినుండియే సేకరింపవలెనని మెకంజీ కట్టడి చేసెను. పంపబడినవారు ఎక్కడెక్కడ తిరిగిరో, ఎవరిని కలిసిరో, ఏమి దొరకెనో, ఏమి దొరకలేదో నివేదికలు వ్రాసి పంపవలెను. దత్తమండలములలో తిరిగిన నారాయణరావు మొదలగువారి నివేదికలు నేటికిని నిలిచియున్నవి. కాలు కదపక కథలల్లినవాడు ఆ నివేదికలలో పట్టుబడక తప్పదు. ఓర్పు, మంచిమాట, నిజాయితీ అనునవి ఇచట నీతిపాఠములోని మాటలుగ మిగులలేదు, అవి పనిముట్లయ్యెను. అవి లేనిదే సరకు చేతికి రాదు.

బొఱ్ఱయ్య 1803లో, ముప్పది యేండ్లు నిండకుండగనే, కాలధర్మము నొందెను. అతని స్థానమున తమ్ముడు లక్ష్మయ్య నిలిచెను. అన్న దారి చూపెను. తమ్ముడు ఆ దారిని రాజమార్గము చేసెను. వేర్వేరు ప్రాంతములకు మనుష్యులను పంపుట, వారికి పని నేర్పుట, వచ్చిన వ్రాతప్రతులను భాషలవారిగ అమర్చుట, అనువాదములను సరిచూచుట ఇవి యన్నియు అతని చేతిమీదుగ సాగినవి. మఱియొక సోదరుడు రామస్వామి ఇంగ్లీషున గ్రంథకర్తయై, దక్షిణాపథ కవుల చరిత్రలను 1829లో కలకత్తాలో అచ్చు వేయించెను. మైసూరు సీమలోని మలెయూరికి చెందిన జైన పండితుడు ధర్మయ్య శాసనపఠనమున తోడ్పడెను. 1816లో థామస్ హికీ యను చిత్రకారుడు మద్రాసులో మెకంజీ చిత్రమును వ్రాసెను. ఎఱ్ఱని సైనికదుస్తులలో మెకంజీ నిలిచియుండగ, అతని చుట్టు మువ్వురు దేశీయ సహాయకులు కానవత్తురు. వారిలో ఒకరు లక్ష్మయ్య యనియు, ఒకరు ధర్మయ్య యనియు చెప్పుదురు. ఆ చిత్రము నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది.

మెకంజీ 1815లో భారతదేశమున కంతకు మొదటి సర్వేయరు జనరలుగ నియమితుడై, పిదప కలకత్తా చేరి, 1821 మే 8వ తేదీన మరణించెను. అతని సేకరణమును కంపెనీ ప్రభుత్వము అతని భార్యవద్ద లక్ష రూపాయలకు కొనెను. విల్సను పండితుడు 1828లో దానికి పట్టిక ప్రకటించెను. అందలి లెక్క ప్రకారము సాహిత్య వ్రాతప్రతులు 1568, స్థానిక చరిత్రలు 2070, శాసనముల ప్రతులు 8076, నాణెములు 6218. ఈ అంకెల వెనుక ఎంతమంది ఎన్ని యేండ్లు ఎన్ని ఊళ్ల దుమ్ములో నడచిరో ఊహింపవచ్చును. ఒక మనుష్యుని యోగ్యతకు ఇంతకంటె పెద్ద ప్రశంసాపత్రము వేరొకటి యుండదు.

అట్టి ప్రశంసాపత్రమును చేతబట్టుకొనియే లక్ష్మయ్య నిలువబడెను. యజమాని పోయినను పని మిగిలియున్నది. మద్రాసునకు తిరిగివచ్చి హిందూ లిటరరీ సొసైటీకి నాయకత్వము వహించిన లక్ష్మయ్య, ఆ పరిశోధనను కొనసాగించు భారము తనకు అప్పగింపుమని ప్రభుత్వమును కోరెను. ప్రభుత్వము బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ అభిప్రాయ మడిగెను. ఆ సభకు అప్పుడు కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్. 1836లో వచ్చిన తీర్పు లక్ష్మయ్యకు ప్రతికూలమయ్యెను. అతడు వ్రాసి పంపిన సంగ్రహమునుబట్టి చూడగ అతనికి ఈ పని నిర్వహించు శక్తి లేదని అందు చెప్పబడెను. ఇంతవరకైన అది పరీక్షాఫలితమే. ఒక కాగితమును చదివి బాగుగలేదని చెప్పు హక్కు పరీక్షకునకు కలదు. కాని తీర్పు అచట ఆగలేదు. ఆ మాటకు వచ్చిన ఏ దేశీయునకును ఈ పనికి చాలినంత సామర్థ్యము ఉండదనియు, వారు సహాయకులుగ ఉపయోగపడవచ్చునే గాని, విడివిడి విషయములనుండి సామాన్యసూత్రము తీయగల పెద్ద తల వేరొకటి వారిపై ఉండవలెననియు చెప్పెను.

ఒక మనుష్యుని కాగితమును దిద్దుచు కూర్చున్న పరీక్షకుడు ఉన్నట్టుండి ఒక దేశప్రజల నందఱిని తప్పించివేసెను. ఇచట కొలత మారినది. మెకంజీ అడిగినది: ఈతడు ఈ పని చేయగలడా? సభ అడిగినది: ఇట్టివారు ఈ పని చేయగలరా? మొదటి ప్రశ్నకు నలువది యేండ్ల నాటినుండి జవాబు కుప్పలుగ పేరుకొని యుండెను. రెండవ ప్రశ్నకు ఆ కుప్ప పనికిరాలేదు.

ఈ తీర్పు వెలువడుటకు మూడేండ్ల ముందే, 1833 చార్టరు చట్టమున 87వ సెక్షను, మతము, జన్మస్థలము, వంశము, వర్ణము అను కారణములచేతనే ఎవ్వరిని కంపెనీ ఉద్యోగమునకు అనర్హులను చేయరాదని శాసించియుండెను. ఆ మాట కాగితముపై నుండెను. కుర్చీలలో కూర్చున్నవారి మనస్సులలోనికి దిగలేదు. ప్రిన్సెప్ అల్పుడు కాడు. మఱుసటి యేటనే అతడు అశోకుని బ్రాహ్మీలిపి రహస్యమును భేదించి, మన చరిత్రకు మహోపకారము చేసెను. ఆ శాసనములను చదువుటలో కమలాకాంత విద్యాలంకారుడను పండితుడు అతనికి తోడ్పడెను. పక్కన కూర్చున్న దేశీయ పండితుని నేర్పు నిత్యము కంటికి కనిపించుచుండగనే, దేశీయుని కింద పని నడచుటను మాత్రము ఆ మేధావి ఊహింపలేకపోయెను. విద్వత్తు ఉన్నంత మాత్రమున మనుష్యులను తూచు త్రాసు సరియైనదగునని చెప్పుటకు వీలులేదు.

పని మద్రాసులో విలియం టెయిలర్ అను మతాచార్యునకు దక్కెను. అతడును శ్రమించి నివేదికలు ప్రకటించెను. తరువాత సి.పి. బ్రౌను దొర మెకంజీ స్థానిక చరిత్రలకు ప్రతులు వ్రాయించి కాపాడెను. వానిలో కడప జిల్లా కైఫియత్తులను ఆ దొర పేర కడపలో వెలసిన భాషా పరిశోధన కేంద్రము మన కాలమున అచ్చు వేసినది. నేడు ఒక ఊరి చరిత్ర వ్రాయబూనినవాడు ముందుగ ఆ కైఫియత్తునే వెదకును. ఆ పుటలలో సేకర్తల పేర్లు కన్నులకు కానరాకపోయినను, వారి చేతివాటము మాత్రము నిలిచియున్నది.

మెకంజీని మేము ఆదర్శపురుషునిగ నిలుపుటలేదు. అతడు కొలిచిన భూమి కంపెనీ పాలనకు ఉపకరించినది. కావలి సోదరులను మనసార మెచ్చుకొన్నను, వారికి అతడు తన కచేరీని దాటి నిలువగల హోదా కల్పింపలేకపోయెను. వారి గౌరవము అతని మంచితనముపై ఆధారపడియుండెను. అతడు కన్ను మూయగనే ఆ ఆధారము పోయెను. మంచి యజమాని దొరకుట అదృష్టము. అదృష్టముపై కొలువులు నడచుట మాత్రము సంఘమునకు క్షేమము కాదు. అందులకే నియమము కావలెను.

ఆ నియమము పోటీపరీక్ష రూపమున వచ్చెను. 1853 చట్టము డైరెక్టరుల సిఫారసునకు స్వస్తి చెప్పినది. 1854లో మెకాలే అధ్యక్షతన సమర్పింపబడిన నివేదిక పరీక్షకు మార్కులు పంచినది. గ్రీకునకు 750, లాటినునకు 750. సంస్కృతమునకు 375, అరబ్బీకి 375. తెలుగు, తమిళము, కన్నడము ఆ పట్టికలో కానరావు. 1855లో మొదటి పరీక్ష లండనులో జరిగెను. 1863లో సత్యేంద్రనాథ ఠాకూరు అందు ఉత్తీర్ణుడై మొదటి భారతీయుడయ్యెను. ఈ దేశములోనే ఆ పరీక్ష వ్రాయు వీలు 1922 వరకు కలుగలేదు. తలుపు తెఱచిరి, గడప మాత్రము ఏడువేల మైళ్ల దూరమున నుండెను. సిఫారసుకంటె పరీక్ష మేలు, సందేహము లేదు. కాని ఆ పరీక్ష లక్ష్మయ్యకు పెట్టినచో, కవిలె కట్టను చదువ నేర్చినందుకు ఒక్క మార్కును రాకపోవును. ఊరివారి భయము పోగొట్టి నిజము రాబట్టినందుకు మార్కులు వేయు గడియే అందు లేదు. చేయబోవు పనికిని, పెట్టు పరీక్షకును సంబంధము తెగిన చోట నియమము కూడ ఒక సిఫారసుగ మారును.

మా వంటి ప్రసారసంస్థలకు ఈ విషయము అనుభవములోనిది. గాత్రము నెన్నుకొనునపుడు పాడువారి ముఖము చూడక, పేరు వినక, తెర కావలినుండి వినవచ్చు స్వరమును మాత్రమే తూచు పద్ధతి ఒకటి ఉన్నది. ఆ తెర పాడువారిని దాచుటకంటె వినువారి మనస్సును కాపాడుటకే ఎక్కువ ఉపయోగపడును. ఇంటి పేరు, ఊరు, కులము, ఎవరి తాలూకు అను ప్రశ్నలు ఆ తెర దగ్గఱ ఆగిపోవును. ప్రతి కచేరీకిని అట్టి తెర యొకటి కావలెను. అటు తరువాత నడవడిని తెలిసికొనుటకు కొంత పని, కొంత కాలము కూడ ఇయ్యవలెను.

కొలువు కోరు యువజనులు ఈ కథనుండి గ్రహింపదగినది కలదు. బొఱ్ఱయ్య కన్నడ శాసనములు చదువుట నేర్చుకొని ఉద్యోగమునకు రాలేదు, వచ్చి నేర్చుకొనెను. వచ్చిన విద్య కొంతదూరమే తీసికొనిపోవును. రాని విద్యను నేర్చుకొను గుణము ఆపై నడిపించును. తెలియనిది తెలియదని చెప్పుట, అడిగి తెలిసికొనుట, దొరకనిదానిని దొరకలేదనియే వ్రాయుట, తాను నేర్చినదానిని పక్కవానికి నేర్పుట ఇవి ఏ కాలపు యజమానికైనను కావలసినవి. వీనికి పట్టాలు ఇచ్చు కళాశాల లేదు, ఇంటిలోనే అలవడవలెను.

ఇక ఎన్నుకొనువారికి చెప్పదగినది ఒక్కటే. ఎదుట నిలిచిన మనుష్యుని కాగితము బాగుగలేనిచో, ఆ కాగితము బాగుగలేదని చెప్పుడు, అచట ఆగుడు. ఈ ఊరివారు, ఈ భాషవారు, ఈ కులమువారు, ఆడువారు అని మాట సాగినచో, తూనిక ఆ మనుష్యునినుండి తప్పి మీ మనస్సు మీదికి వచ్చినదని గుర్తింపుడు. లక్ష్మయ్య 1836లో ఒక ఉద్యోగమును కోల్పోయెను. అతనిని కాదన్న సభ, దక్షిణదేశమున ఊరూరి సంగతి ఎఱిగి, కవిలెలు చదివించిన ఒక పరిశోధకుని చేజార్చుకొనెను. వారిలో ఎవరికి నష్టము ఎక్కువయో శ్రోతలే నిర్ణయింపగలరు.